ముఖం మధ్యలో గీత గీయకండి

మా అమ్మ లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన ఆంగ్లో ఇండియన్. నాన్నది బాపట్ల దగ్గర పల్లెటూరు. ఇద్దరినీ కలిపింది రైల్వే ఉద్యోగం. నేను జీవితంలో చేసినవి రెండే పనులు: మనుషుల బొమ్మలు వేయడం, వేయడం నేర్పడం. రిటైరయ్యాక కూడా పిల్లలు ఇంటికొచ్చి నేర్చుకుంటున్నారు. ఈ మధ్య వాళ్లలో నాలాంటివాళ్లు ఎక్కువయ్యారు. ఒకమ్మాయికి నాన్న కరీంనగర్, అమ్మ మణిపూర్. ఒకబ్బాయి అమెరికాలో పుట్టాడు. తల్లి గుంటూరు మనిషి, తండ్రి అక్కడివాడు. వీళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఒకటే అడుగుతారు: "మేడమ్, నేను ఎవరి బొమ్మలు వేయాలి? ఏది నాదని చెప్పుకోవాలి?"

ఒక్కొక్కరికి ఒక్కో సందర్భంలో చెప్పినవాటిని ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఈజిల్ ముందు నిలబడి నేర్చుకున్న పాఠాలివి. బొమ్మలు వేయనివాళ్లకు కూడా కొన్ని పనికొస్తాయేమో చూడండి.

1. ఒంటి రంగు ట్యూబులో దొరకదు

రంగుల దుకాణంలో ఫ్లెష్ టింట్ అని ఒక ట్యూబు అమ్ముతారు. లేత గులాబీ రంగు. అది మా ఇంట్లో ఎవరి ఒంటిదీ కాదు. అమ్మమ్మను అందరూ తెల్లని మనిషి అనేవారు. ఎండ తగిలే చోట కూర్చోబెట్టి చూస్తే ఆమె మెడ దగ్గర పసుపు ఛాయ, ముంజేతుల మీద ఇటుక రంగు, కళ్ల కింద ఆకుపచ్చ కనిపించేవి. నాన్నను నలుపనేవారు. కిటికీ పక్కన నిలబడితే ఆయన నుదుటి మీద ఆకాశం నీలంగా పడేది. ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెనా, అల్ట్రామెరీన్, టెర్ వెర్ట్, తెలుపు. ఈ అయిదింటితోనే ఇద్దరినీ వేశాను. పాళ్లు మారాయి గాని ప్యాలెట్ మారలేదు.

పక్కన ఏముందో దాన్నిబట్టి రంగు కనిపిస్తుంది. సున్నం గోడ ముందు ముదురుగా ఉన్న చెంప, నల్ల గొడుగు కింద మెరిసిపోతుంది. తెలుపు, నలుపు, చామనఛాయ అని ఇంట్లో నేర్చుకున్న మాటలను పక్కన పెట్టాకే రంగు కలపడం వస్తుంది.

ఆ మాటలను పట్టుకుని బొమ్మలు వేస్తే ఏమవుతుందో చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 18వ శతాబ్దంలో, స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మెక్సికోలో, కాస్తా చిత్రాలని వేసేవారు. మామూలుగా 16 బొమ్మల వరస. ఒక్కో బొమ్మలో తండ్రి, తల్లి, బిడ్డ ఉంటారు. ఏ జాతి మగవాడికీ ఏ జాతి స్త్రీకీ పుట్టిన బిడ్డను ఏమని పిలవాలో బొమ్మ మీదే రాసి ఉంటుంది. స్పానిష్ తండ్రి, ఆదివాసీ తల్లితో మొదలై మెట్టు మెట్టుగా దిగుతుంది లెక్క. మిగెల్ కాబ్రేరా 1763లో వేసిన వరసకు వీటిలో ఎంతో పేరుంది. అతని చెయ్యి గొప్పది. బట్టల నేత, తల్లిదండ్రుల దగ్గరితనం ఎంతో శ్రద్ధగా వేశాడు. కానీ ఆ పేరుపట్టీ చదివాక మన కళ్లు మళ్లీ ఆ బిడ్డ ముఖం మీద నిలవవు. పేరుకూ రంగుకూ సరిపోయిందా లేదా అని సరిచూసుకుంటూ పోతాం. చేయి తిరిగిన చిత్రకారుడినే పేరుపట్టీ మింగేసిందంటే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

2. ముందు కూర్చునే తీరు చూడండి

మనిషికి పెద్దల నుంచి వచ్చింది ముక్కులోనో కంటి రంగులోనో ఉంటుందని అందరూ వెతుకుతారు. నా అనుభవంలో అది ఎక్కువగా కనిపించేది కూర్చునే తీరులో.

మా అమ్మమ్మ పేము కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చునేది. మడమలు ఒకదాని మీద ఒకటి, చేతులు ఒళ్లో. బొమ్మ వేస్తానంటే ఫ్రాకు మార్చుకుని, ముత్యాల దండ వేసుకుని, ఫొటో తీయించుకునే మనిషిలా బిగుసుకునేది. బాపట్ల నాయనమ్మ దగ్గర ఆ సమస్యే లేదు. పీట మీద ఒక మోకాలు పైకి పెట్టుకుని చింతపండు గింజలు తీస్తూనే ఉండేది. "నీ బొమ్మ నువ్వు గీసుకో, నా పని నన్ను చేసుకోనీ" అనేది. ఒకరు కదలరు, ఒకరు ఆగరు. నా మొదటి మోడళ్లు ఈ ఇద్దరే.

అమ్మ సంగతి వేరు. పెళ్లయ్యాక నేల మీద కూర్చుని తినడం నేర్చుకుంది. అయినా బాసింపట్టు ఎప్పుడూ పడలేదు. కాళ్లు రెండూ కుడివైపుకు మడిచి, బరువంతా ఎడమ అరచేతి మీద మోపి కూర్చునేది. అందువల్ల ఎడమ భుజం కొంచెం పైకి లేచి ఉండేది. నాన్నను ఏ కుర్చీలో కూర్చోబెట్టినా కాసేపటికి ఒక కాలు పైకి మడిచి కుర్చీలో పెట్టేసేవాడు. అత్తవారింటికి వెళ్తే మాత్రం ఆ కాలు కిందే ఉంచడానికి నానా అవస్థ పడేవాడు. క్రిస్మస్‌నాడు అందరూ కలిసి దిగిన గ్రూపు ఫొటోలో నాన్న మోకాలు ఎంత బిగుసుకుని ఉందో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ ఎడమ భుజం ఎత్తును సరిగ్గా పట్టుకుంటే అమ్మ బొమ్మ వచ్చేసేది. ముఖంలో పోలిక కాస్త తప్పినా ఇంట్లో అందరూ గుర్తుపట్టేవారు. అది పుట్టుకతో వచ్చిన భుజం కాదు. రెండు ఇళ్ల మధ్య ఏళ్ల తరబడి సర్దుకుంటే వచ్చింది.

అందుకే నా దగ్గరకు వచ్చినవాళ్లకు ముందుగా ముఖాలు ఇవ్వను. మనిషి బరువు ఎక్కడ మోపాడో ఒక్క గీతలో పట్టుకోమంటాను. మీ ఇంట్లోవాళ్లను అన్నం తినేటప్పుడు, టీవీ చూసేటప్పుడు, కొత్తవాళ్లు వచ్చినప్పుడు వేయండి. ఎవరి ముందు ఎవరు ఎలా కూర్చుంటారో చూడండి. మీ కుటుంబం ఎక్కడ కలిసిందో, ఎక్కడ ఇంకా కలవలేదో ఆ స్కెచ్ పుస్తకమే చెబుతుంది.

3. బట్టలు సగమే చెబుతాయి, కళ్లు కూడా చూడండి

కోఠీ ఉమెన్స్ కాలేజీ అని మనం పిలుచుకునే భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. విద్యార్థులను అక్కడికి తీసుకెళ్లి, ముందున్న పెద్ద మెట్ల మీద కూర్చోబెట్టి స్కెచ్‌లు వేయించేదాన్ని. వేశాక ఒక బొమ్మ గురించి చెప్పేదాన్ని. ఆ బొమ్మలోనూ మెట్లే ఉన్నాయి.

ఆ రెసిడెన్సీని కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లాడాడు. వాళ్లకు 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. ఇంట్లో పిల్లల పేర్లు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. 1805లో వాళ్లను చదువు కోసం ఇంగ్లండు పంపాలని తండ్రి నిర్ణయించాడు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు ఇద్దరి బొమ్మనూ నిలువెత్తున వేశాడు.

పిల్లలిద్దరూ హైదరాబాదీ దర్బారు దుస్తుల్లో ఉన్నారు. జరీ అంచు ఎర్ర జామా, తల మీద మెరిసే టోపీ, మెడలో ముత్యాలు. అబ్బాయి సూటిగా మనల్నే చూస్తున్నాడు. ఒక మెట్టు పైన నిలబడ్డ చెల్లెలు అన్న భుజం మీద చెయ్యి వేసి కిందికి చూస్తోంది. కళ్లు ఏడ్చి ఉబ్బినట్టున్నాయి.

ఇంగ్లండు చేరాక పిల్లలకు బాప్టిజం ఇచ్చారు. సాహిబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు, సాహిబ్ బేగం క్యాథరీన్ అరోరా అయింది. అందరూ కిట్టీ అని పిలిచేవారు. వాళ్లు బయల్దేరిన కొన్ని వారాలకే తండ్రి కలకత్తాలో చనిపోయాడు. 1813లో తల్లి చనిపోయింది. పిల్లలు ఆమెను మళ్లీ చూడనే లేదు. నడివయసులో కిట్టీ ఒకసారి, హైదరాబాదులో పనిచేసి వెళ్లిన హెన్రీ రస్సెల్ ఇంటికి వెళ్లింది. అక్కడ గోడ మీద తన చిన్ననాటి బొమ్మ కనిపించి ఏడ్చేసింది. రస్సెల్ ఆ బొమ్మను ఆమెకు చెందేలా వీలునామా రాశాడు. ఆ కాలంలోనే, అమ్మమ్మ షరఫున్నీసా హైదరాబాదులో ఇంకా బతికే ఉందని తెలిసి, ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి.

ఇందులో చిత్రకారులు నేర్చుకోవలసింది ఒకటుంది. చిన్నరీ ఆ జరీని మాత్రమే వేసి ఉంటే ఇది తూర్పుదేశపు వేషాల బొమ్మ అయ్యేది. అలాంటివి ఆ రోజుల్లో కుప్పలు. దించుకున్న ఆ కళ్లను వేశాడు కనుక, బట్టలు మారినా పేరు మారినా, ఆ బొమ్మలో తనను తాను పోల్చుకోగలిగింది కిట్టీ. మీరు పట్టుచీరో గౌనో వేయాలనుకుంటే నిరభ్యంతరంగా వేయండి. పట్టు మెరుపు మీద ఎంతసేపు గడిపారో కళ్ల మీదా అంతసేపు గడపండి.

4. ముఖం మధ్యలో గీత గీయకండి

రెండు సంస్కృతుల పిల్లలు తమ బొమ్మ వేసుకోమంటే మొదట తెచ్చేది దాదాపు ఒకటే. ముఖం మధ్యలో నిలువుగా ఒక గీత. ఒక పక్క బొట్టు, జుమికీ, మల్లెపూలు. రెండో పక్క ఖాళీ చెవి, కత్తిరించిన జుట్టు. చూసిన ప్రతిసారీ పక్కన పెట్టేయమంటాను. కాఫీలో పాలు ఏ వైపున్నాయని అడిగినట్టుంటుంది ఆ బొమ్మ.

మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో కూడా తనను రెండుగా వేసుకుంది కదా అని వాదిస్తారు. వేసింది. 1939 నాటి ఆ పెద్ద కాన్వాసు ఇప్పుడు మెక్సికో నగరంలో ఉంది. తెల్లటి ఐరోపా గౌనులో ఒక ఫ్రీడా, మెక్సికో తెహువానా దుస్తుల్లో ఇంకో ఫ్రీడా పక్కపక్కన కూర్చున్నారు. జాగ్రత్తగా చూడండి, ఎవరూ సగం మనిషి కాదు. ఇద్దరికీ నిండైన ఒళ్లు, ఇద్దరికీ గుండె. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఒకే రక్తనాళం ఇద్దరి గుండెలనూ కలుపుతోంది. తెల్ల గౌను ఫ్రీడా ఆ నాళం చివరను పటకారుతో నొక్కి పట్టినా నెత్తురు ఒళ్లో కారుతూనే ఉంది. భర్త డియెగో రివేరాతో విడాకులైన ఏడాది అది. కాబట్టి ఇందులో రెండు దేశాల లెక్క ఒక్కటే లేదు. ప్రేమించిన మనిషి దూరమైన బాధ కూడా ఉంది. మనిషి బతుకులో పుట్టుక ఒక్కటే విడిగా ఎప్పుడూ దొరకదు.

అంతకు మూడేళ్ల ముందు, 1936లో, తన వంశవృక్షాన్ని కూడా వేసింది. మెక్సికోలోని తమ ఇంటి ఆవరణలో చిన్నపిల్లగా నిలబడి ఎర్ర రిబ్బను పట్టుకుంది. రిబ్బను రెండు కొసలూ ఆకాశంలో ఉన్న అమ్మమ్మ తాతల దాకా, నాయనమ్మ తాతల దాకా పాకాయి. నాన్న గియెర్మో కాలో జర్మనీ నుంచి వచ్చినవాడు. ఆయన పూర్వీకులు హంగరీ యూదులని ఫ్రీడా చెప్పుకునేది. తర్వాతి పరిశోధకులు రికార్డులు తిరగేస్తే జర్మన్ లూథరన్ కుటుంబమని తేలింది. తాను పుట్టింది 1907లో అయినా, మెక్సికో విప్లవం మొదలైన 1910లో పుట్టానని కూడా అనేది. దీన్ని అబద్ధమని కొట్టిపారేయడం తేలిక. బొమ్మ కూర్పు తెలిసినవాళ్లు ఇంకోలా చూస్తారు. రిబ్బను ఎవరు పట్టుకున్నారో గమనించండి. తాతముత్తాతలు ఆమెను పట్టుకోలేదు, ఆమే వాళ్లందరినీ పట్టుకుంది.

5. రక్తం ఇచ్చేది చొరవే. చూపు మీరే నేర్చుకోవాలి

అమృతా షేర్‌గిల్ 1913 జనవరి 30న బుడాపెస్ట్‌లో పుట్టింది. తండ్రి ఉమ్రావ్ సింగ్ పంజాబీ సిక్కు జమీందారీ కుటుంబీకుడు, సంస్కృతం ఫార్సీ చదువుకున్నవాడు, ఫొటోగ్రాఫర్. తల్లి మేరీ ఆంటోనెట్ హంగరీ గాయని. బాల్యం హంగరీలో, తర్వాత సిమ్లాలో, చిత్రకళ చదువు పారిస్‌లో. పంతొమ్మిదేళ్లకు వేసిన "యంగ్ గర్ల్స్" 1933లో పారిస్ సలోన్‌లో బంగారు పతకం తెచ్చింది. అక్కడే ఉండిపోయినా ఆమెకు లోటేమీ ఉండేది కాదు. 1934 చివర్లో ఇండియా వచ్చేసింది.

వచ్చీరాగానే భారతీయ చిత్రకారిణి అయిపోలేదు. మొదట వేసిన కొండప్రాంతపు మనుషుల్లో పారిస్ శిక్షణ బాగా కనిపిస్తుంది. 1936 చివర్లో దేశం చూడ్డానికి బయల్దేరింది. అజంతా, ఎల్లోరా చూసింది. హైదరాబాదులోనూ బొమ్మలు ప్రదర్శించింది. ఇక్కడ నవాబు సాలార్‌జంగ్ సేకరించిన ఐరోపా చిత్రాలను ఆయన ముందే తీసిపారేసిందని, కొందామనుకున్న ఆమె బొమ్మలను నవాబు వెనక్కి పంపేశాడని చెప్పుకుంటారు. తర్వాత తిరువనంతపురం, కన్యాకుమారి, కొచ్చిన్ వెళ్లింది. కొచ్చిన్ మట్టంచేరి రాజభవనం గోడల మీది చిత్రాల ముందు కూర్చుని వాటిని చూసి గీసుకుంది. సిమ్లా తిరిగి వెళ్లాక 1937లో వరసగా మూడు పెద్ద బొమ్మలు వేసింది: పెళ్లికూతురి అలంకరణ, బ్రహ్మచారులు, సంతకు వెళ్తున్న దక్షిణాది పల్లెవాసులు. నీడలతో ఒంటికి గుండ్రదనం తెచ్చే పారిస్ పద్ధతి తగ్గింది. ఆకారాలు పెద్దవై సద్దుమణిగాయి. ఎరుపు, తెలుపు, మట్టి రంగులు మాట్లాడటం మొదలుపెట్టాయి.

తండ్రి పంజాబీ అయినంత మాత్రాన అజంతా రంగు ఆమె చేతికి రాలేదు. వెళ్లి, నిలబడి, చూసి తెచ్చుకుంది. తండ్రి వల్ల ఆమెకు దక్కింది ఇది నాది అనుకునే చొరవ. ఆ చొరవ చాలామందికి ఉంటుంది. ఆ తర్వాతి కష్టమే కొందరు పడతారు.

ఆమె మీద ఒక విమర్శ ఉంది, దాన్నీ నా విద్యార్థుల దగ్గర దాచను. కలిగిన ఇంటి బిడ్డ పేదవాళ్లను విషాదమూర్తుల్లా వేసిందని అంటారు. మొదట్లో వేసిన బొమ్మల విషయంలో అందులో కొంత నిజముంది. ఆ తర్వాత గోరఖ్‌పూర్ దగ్గర సరాయాలో కాపురం ఉండి, ఆ ఆవరణలో కళ్లముందు తిరిగే ఆడవాళ్లను వేసినప్పుడు ఆ దూరం తగ్గుతూ వచ్చింది. పసుపు నూరేవాళ్లు, మంచం మీద పడుకున్న అమ్మాయి: వీళ్లలో జాలి కన్నా పరిచయం ఎక్కువ. 1941 డిసెంబరు 5న లాహోర్‌లో 28 ఏళ్లకే పోయింది. ఇండియా వచ్చాక ఆమెకు దొరికింది ఏడేళ్లు. తనవాళ్లని చెప్పుకున్నవాళ్లను దగ్గర నుంచి చూడటానికే అందులో ఎక్కువ భాగం పట్టింది.

6. కాగితం ఒక గడి అడుగుతుంది, ఇచ్చేయండి

మన రాజ్యాంగం 366(2) అధికరణలో ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో చెప్పారు. తండ్రి గాని, తండ్రి వైపు మగ పూర్వీకుల్లో ఒకరు గాని ఐరోపా సంతతివారై ఉండాలి. ఆ లెక్కన మా అమ్మ ఆంగ్లో ఇండియన్, నేను కాను. లోక్‌సభలో, రాష్ట్రాల శాసనసభల్లో ఆంగ్లో ఇండియన్లను నామినేట్ చేసే ఏర్పాటు కూడా 104వ సవరణతో 2020 జనవరిలో ముగిసిపోయింది. అమ్మమ్మ ఇంట్లో పెప్పర్ వాటర్ తాగి పెరిగిన నన్ను ఏ గడిలో వేయాలో చట్టానికి తెలుసు. నాకు దానితో పేచీ లేదు. చట్టానికి గడులు కావాలి.

కానీ గడి నింపిన చేత్తోనే కుంచె పట్టుకోకండి. మధ్యలో చేతులు కడుక్కోండి. దరఖాస్తులో ఒక్క మాట రాయాలి కనుక బొమ్మలోనూ ఒక్క మాటే చెప్పాలనుకునే పిల్లలను చాలామందిని చూశాను.

7. మీ బొమ్మలో పని చేస్తున్నది మీరే కావాలి

1934లో, ఇండియాకు రాకముందు, అమృతా షేర్‌గిల్ తనను తాను తాహితీ స్త్రీగా వేసుకుంది. చిత్రకారుడు గోగాఁ తాహితీ ఆడవాళ్లను వేసిన తీరు పారిస్ వాళ్లందరికీ తెలుసు. ఆ చూపు తన మీద కూడా పడుతోందని ఆమెకు తెలుసు. అందుకే ఆ పోజులో తానే నిలబడింది. వెనక గోడ మీద ఒక మగవాడి నీడ ఉంది. చూసేవాడు బొమ్మలోకే వచ్చేశాడు. కానీ కుంచె మాత్రం ఆమె చేతిలోనే ఉంది.

మన కాలంలో మెకిటా అహూజా అనే అమెరికన్ చిత్రకారిణి ఉంది. తండ్రిది భారతదేశం, తల్లి ఆఫ్రికన్ అమెరికన్. చాలాకాలంగా ఆమె ముఖ్యమైన మోడల్ ఆమే. రిమోట్ షట్టర్‌తో తన ఫొటోలు తానే తీసుకుని వాటి నుంచి బొమ్మలు కట్టుకుంటుంది. ఆమె బొమ్మల్లో ఎన్నింటిలోనో ఆమె ఏదో పనిలో ఉంటుంది. కాన్వాసులు సర్దుతూ, చదువుతూ, రాస్తూ కనిపిస్తుంది. నేను ఏ జాతి మనిషిని అని నిలబడి చూపించుకోకుండా, నేను ఏం చేస్తాను అనే దగ్గర మొదలుపెడుతుంది. స్వీయచిత్రం వేయబోయే ప్రతి విద్యార్థికీ ఇదే చెబుతాను. అద్దం ముందు ఊరికే నిలబడకండి, చేతికి పని ఇవ్వండి.

8. పుట్టుకను సరుకు చేయకండి

ఒక గ్యాలరీవాళ్లు నన్ను చాలా మర్యాదగా అడిగారు: "మీ ఆంగ్లో ఇండియన్ నేపథ్యం కనిపించేలా ఏమైనా వేస్తారా? రైలింజను, గ్రామఫోను, పక్కనే ముగ్గు, అలా?" కాఫీ ఇచ్చి పంపేశాను. మా అమ్మమ్మ ఇంట్లో గ్రామఫోను లేదు.

ఇలాంటి ఒత్తిడి గురించి చెప్పాల్సి వస్తే విఫ్రెడో లామ్ పేరు చెబుతాను. 1902లో క్యూబాలోని సాగువా లా గ్రాందేలో పుట్టాడు. తండ్రి చైనా నుంచి వలస వచ్చినవాడు, తల్లికి ఆఫ్రికా, స్పెయిన్ రెండు మూలాలూ ఉన్నాయి. స్పెయిన్‌లో చదివి, పారిస్ వెళ్లి పికాసోకు దగ్గరయ్యాడు. రెండో ప్రపంచయుద్ధం వల్ల 1941లో క్యూబా తిరిగి వచ్చాడు. అప్పటి క్యూబాలో నల్లవాళ్ల పూజలు, డోళ్లు పర్యాటకులకు వినోదమైపోయాయి. అలాంటి బొమ్మలే వేసి ఉంటే బాగా అమ్ముడుపోయేవి. అతను 1942-43లో "ద జంగిల్" వేశాడు. పేరు అడవి అయినా అందులో నిలబడ్డవి చెరకుగడలు, ఆ గడల మధ్య ముసుగులాంటి ముఖాలు, పెద్ద పెద్ద పాదాలు. చెరకంటే క్యూబాలో బానిసత్వం. చూసి ముచ్చటపడి ఇంటికి పోయే బొమ్మ కాదు. అడుగు పెట్టడానికి అందులో ఖాళీ లేదు.

1945లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆ బొమ్మను కొంది. చాలాకాలం పాటు దాన్ని కోట్లు తగిలించుకునే గదికి వెళ్లే దారిలో వేలాడదీశారు. ఏ గదిలో పెట్టాలో వాళ్లకు తోచలేదేమో. మీకూ అలా జరగొచ్చు. భారతీయ చిత్రాల గదిలో చోటు లేదంటారు, రెండో గదిలోనూ లేదంటారు. అప్పుడు బొమ్మను మార్చి గదికి సరిపెట్టాలనిపిస్తుంది. సరిపెట్టకండి. గదులు పాతబడతాయి, కొత్తవి కడతారు.

9. కాన్వాసు వెనక పేరు రాయండి

లండన్ బ్రిటిష్ లైబ్రరీలో 1785 నాటి ఒక కుటుంబచిత్రం ఉంది. జోహాన్ జోఫనీ వేశాడని ఇప్పుడు భావిస్తున్నారు. ఒకప్పుడు ఫ్రాన్సెస్కో రెనాల్డి పని అనుకునేవారు. ఈస్టిండియా కంపెనీ అధికారి విలియం పామర్, భార్య ఫైజ్ బఖ్ష్, వాళ్ల పిల్లలు, ఇంటి ఆడవాళ్లు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. బొమ్మ పూర్తి కాలేదు. వాళ్ల కొడుకు, అతని పేరు కూడా విలియం పామరే, తర్వాత హైదరాబాదు వచ్చి స్థిరపడ్డాడు. నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చిన పామర్ అండ్ కంపెనీ అతనిదే.

పూర్తికాని ఆ బొమ్మను నా విద్యార్థులకు రెండు కారణాల వల్ల చూపిస్తాను. మొదటిది, అలాంటి కుటుంబం బొమ్మను పూర్తిచేసి, వార్నిష్ పూసి, ఇదీ మా కథ అని చెప్పాల్సిన అవసరం లేదు. మా అమ్మ బొమ్మ నా దగ్గర ఇప్పటికీ అలాగే ఉంది. ఆ ఎడమ భుజం అయింది, చీర కుచ్చిళ్లు అవలేదు.

రెండోది అంతకన్నా ముఖ్యం. పామర్ భార్య పేరు మనకు తెలుసు. ఆ కాలపు బొమ్మల్లో అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. ఇదే రెనాల్డి 1789లో హుక్కా పక్కన పెట్టుకుని ఒరిగి కూర్చున్న ఒక స్త్రీని వేశాడు. అమెరికాలోని యేల్ సేకరణలో ఆమె కేవలం ఒక ముస్లిం స్త్రీ. జరీ అంచు, నగలు, ఆ ముఖంలోని తీరుబడి అన్నీ ఉన్నాయి. పేరు లేదు. ఆమెకు పిల్లలుండి, వాళ్ల పిల్లలు ఎక్కడో ఇంగ్లండులోనో లక్నోలోనో ఆమె కోసం వెతికి ఉంటే, ఈ బొమ్మ ముందు నుంచే నడిచి వెళ్లిపోయి ఉంటారు.

ఏది నాది అని అడిగారు కదా, నాకు తెలిసిన సమాధానం ఇది. మీరు దగ్గర కూర్చుని, బరువు ఎక్కడ మోపారో గమనించి, కళ్ల మీద కావలసినంత సమయం పెట్టి వేసినవాళ్లు మీవాళ్లు. వాళ్లది ఏ ఊరైనా, ఏ భాషైనా. బొమ్మ అయిపోయాక, అవకపోయినా సరే, కాన్వాసు వెనక్కి తిప్పి పెన్సిలుతో కూర్చున్న మనిషి పూర్తి పేరు, పిలుపు పేరు, ఊరు, తేదీ, మీకేమవుతారో రాయండి. రెండు భాషలు వస్తే రెండింటిలోనూ రాయండి. సంతకం ముందువైపు ఎలాగూ చేస్తారు.